ఒక్క ముక్క రాయమ్మా

చిరంజీవి శైలూకి అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. ఈ ఏడు ఆవకాయ బాగా కుదిరింది, నీ జాడీ వేరే తీసిపెట్టాను. ఉగాది తర్వాత నీ ఫోన్ లేదు. పనిలో ఉన్నావేమోలే.

నిన్న పెద్దమామయ్య వచ్చాడు. పార్కులో నీ కొంగల ఫౌంటెన్ ఆగిపోయిందట, బిల్లు రాలేదట, నువ్వు ఈ శిల్పాల పని మానేసి ఏదో ఆఫీసులో చేరుతున్నావట. నేను నమ్మలేదు. నిజమేనా?

తెనాలిలో ఏ వీధిలో చూసినా విగ్రహాలు పోసేవాళ్లే. అడ్వాన్సు లేకుండా మట్టి ముట్టుకునేవాళ్లు మాత్రం లేరు. ఎన్నిసార్లు చెప్పాను? ఫైబర్ రాపిడి పట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కాదు, మాస్కు పెట్టుకో. ఆ దుమ్ము మంచిది కాదు.

మీ నాన్న రాయగిరిలో గణపతి స్థపతిగారి కింద ఉలి పట్టిన మనిషి. అక్కడ చెక్కింది 58 అడుగుల ఒంటిరాయి బుద్ధుణ్ణి. 1990 మార్చి 10న పంటు మీద హుస్సేన్‌సాగర్‌లోకి తీసుకెళ్తుంటే ఆ బుద్ధుడు ఒరిగి మునిగిపోయాడు. మనుషులూ పోయారు. నాలుగో రోజు మీ నాన్న ఇంటికొచ్చారు. అన్నం కలిపి ముద్ద ఎత్తలేదు. "ఆ చెవితమ్మె నునుపు చేసింది నేనే, ఇప్పుడు బురదలో ఉంది" అన్నారు. ఉలులు గోనెసంచిలో చుట్టి అటకెక్కించి, సిమెంటు కొట్టులో లెక్కలు రాశారు. అప్పుడు నేను పల్లెత్తు మాట అనలేదు. అనాల్సింది. 1992 డిసెంబరు 1న బుద్ధుణ్ణి నిలబెట్టారు. ఆ వారమే నిన్ను చంకనేసుకుని ట్యాంక్‌బండ్ మీదికి వెళ్లాం. ఆయన చాలాసేపు ఆ చెవివైపే చూశారు. ఇంటికొచ్చిన రాత్రే సంచి దించి, ఒక్కొక్క ఉలికీ నూనె రాశారు. ఇంకో కొట్టు మాట మళ్లీ ఎత్తలేదు.

ఫౌంటెన్ ఆగితే తప్పు నీదా? బోరునీళ్ల ఉప్పు నాజిల్స్‌కి పట్టి ఉంటుంది. విప్పి చింతపండు నీళ్లలో రాత్రంతా నానబెట్టు, పొద్దున పాత టూత్‌బ్రష్షుతో రుద్దు. కంచు కొంగల మీద మాత్రం ఎవర్నీ యాసిడ్ పోయనివ్వకు, నువ్వు తెచ్చిన ఆ పచ్చరంగు పోతుంది. బిల్లు సంగతి మామయ్యతో కాదు, నాతో చెప్పు. అన్నం వేళకి తింటున్నావా?

శనివారం బస్సుకి తమ్ముడొస్తున్నాడు. జాడీతో పాటు అరకిలో పాత చింతపండు కట్టాను. పప్పులోకి వాడేయకు, నాజిల్స్‌కే.

మీ అమ్మ