రామనగరం కోసం ఉంచిన చోటు

ఎడింబరో,
డిసెంబరు 14

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అల్లుడుగారి దగ్గు తగ్గింది. పాపకు వచ్చే శుక్రవారం నుంచి బడి సెలవులు. నాకు ఈ నెలంతా రాత్రి డ్యూటీలే, పని గురించి అంతకు మించి చెప్పడానికేమీ లేదు. అమ్మ పంపిన జీడిపప్పు, చింతపండు అందాయి. జీడిపప్పు పొట్లం విప్పగానే వేటపాలెం బజారు వచ్చి వంటింట్లో కూర్చున్నట్టయింది.

ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఉత్తరం ఎందుకని అమ్మ అడుగుతుంది. మొన్న ఆదివారం నాన్నగారు అన్న మాటకు అప్పుడు నాకు నోట మాట రాలేదు. తమ్ముడు మేడ కడుతున్నాడు కనుక సామాను తగ్గించాలనీ, పుస్తకాల పెట్టెలో మిగిలినవి పాత పేపర్లవాడికి వేసేస్తాననీ అన్నారు. నాన్నగారూ, వేయకండి. అట్టలు లేనివి, అంచులు తిన్నవి, మధ్యలో పేజీలు పోయినవి, ఏవైనా సరే అలాగే ఉంచండి. మార్చిలో నేను వచ్చినప్పుడు నా చేతులతో నేనే సర్దుతాను.

మూడేళ్ల కిందట పెట్టెకు చెదలు పట్టిన రోజు గుర్తుందా? మీరు ఫోను అమ్మకిచ్చి వాకిట్లోకి వెళ్లిపోయారు. అమ్మ చెప్పింది, పుస్తకం పట్టుకుని పైకి తీస్తే అట్ట చేతికొచ్చింది, లోపల అంతా మట్టేనని. ఆ రాత్రి నేనొక నోటుపుస్తకం తీసుకుని పెట్టెలో ఉండేవాటి పేర్లు గుర్తున్నంత వరకూ రాశాను. ముప్ఫై ఒకటి తేలాయి. ఈ ఇంట్లో చరిత్ర పుస్తకాలు చేరడం అలా మొదలైంది. మీకు ఇంతవరకూ చెప్పలేదు. అన్నీ దొరికాక చెబుదామనుకున్నాను. ఇప్పటికి పంతొమ్మిది దొరికాయి. వాటి వెంట కావాలనిపించి కొన్నవి మరో నూటయాభై దాకా ఉంటాయి.

సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అన్నిటికంటే ముందు కొన్నాను. కరెంటు పోయిన రాత్రుళ్లు లాంతరు దగ్గర పెట్టుకుని, కాకతీయుల కాలంలో మనవాళ్లు ఏం తినేవారో, ఏం కట్టుకునేవారో, ఏ ఆటలాడేవారో మీరు చదివి వినిపించింది అందులోనుంచే. 1955లో తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి దానికే వచ్చిందని ప్రతిసారీ చెప్పేవారు. ఇప్పుడు నేను పాపకు చెబుతున్నాను. మీ దగ్గరున్న పుస్తకం మొదటి పేజీలో తాతయ్య సంతకం ఉండేది, దీనికి అది లేదు. ఆ ఒక్క పేజీ మీ పెట్టెలో ఎక్కడైనా మిగిలి ఉంటే తీసి నిఘంటువు మధ్యలో పెట్టండి.

మల్లంపల్లి సోమశేఖర శర్మగారు రెడ్డి రాజ్యాల మీద ఇంగ్లీషులో రాసినది, 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వేసినది, పాత పుస్తకాల వ్యాపారి ఒకాయన దగ్గర దొరికింది. ఏదో గ్రంథాలయం వద్దని తీసేసిన ప్రతి. వీపు ఊడి ఉంటే గంజి కాచి గుడ్డపట్టీ అంటించాను, మీరు నేర్పినట్టే. అద్దంకి పేరు కనబడిన పేజీలో పాప ఒక రంగుకాగితం పెట్టింది, 'మన బస్సు వెళ్లే ఊరు' అని.

డబ్బు తగలేస్తున్నానని అమ్మ కంగారు పడవద్దు. నెలకు ఇంతని ఒక డబ్బాలో వేసుకుంటాను, అది దాటి ఒక్క పెన్నీ తీయను. ఇక్కడ దానధర్మాల కోసం నడిపే దుకాణాల్లో వాడిన పుస్తకాలు చాలా చవక. మార్కో పోలో యాత్రల పుస్తకం రెండు పౌండ్లకే వచ్చింది. డ్యూటీ దిగి, వానలో తడిసి, బస్సు ఇంకా రాకపోతే ఆ కొట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఊరికే తిప్పుతుంటే ముత్ఫిలి అనే పేరు తగిలింది. అది కాకతీయుల నాటి రేవు, మన మోటుపల్లే, నాన్నగారూ! కార్తీకమాసంలో సముద్రస్నానానికి బండి కట్టించుకుని వెళ్లిన మోటుపల్లి. అక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని ఆయన రాశాడు. మగ్గాలవాళ్ల ఇంటి పిల్లను, స్కాట్లండులో బస్సు కోసం ఎదురుచూస్తూ ఆ మాట చదివి అక్కడే కళ్లు తుడుచుకున్నాను. కొట్లో ఉన్నావిడ మంచినీళ్లు కావాలా అని అడిగింది.

అందులో ఒక తప్పుంది. రాణి తన భర్త పోయాక రాజ్యం ఏలుతోందని రాశాడు. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి, గణపతిదేవుడి కూతురు కదా. మార్జినులో పెన్సిలుతో 'కూతురు' అని రాసి పెట్టాను. పుస్తకం మీద రాయవద్దని మీరు కొట్టేవారు, ఈ ఒక్కదానికి ఏమీ అనకండి. మోటుపల్లి వీరభద్రస్వామి గుళ్లో గణపతిదేవుడి శాసనం దగ్గర మీరు నన్ను ఎత్తుకుని చూపించింది నాకు బాగా గుర్తు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు, ఈయన మాత్రం నియమించిన సుంకమే తీసుకుని మిగతాది వర్తకులకే వదిలేస్తానని 1244లో రాతి మీద మాట ఇచ్చాడని చెప్పారు. బడిలో మాకెవరూ అంత బాగా చెప్పలేదు.

అమ్మ మోకాలికి డాక్టరు రాసిన కట్టు వాడుతోందా? కింద కూర్చుని బియ్యం ఏరడం మానమనండి.

ఇక్కడ చెదలు లేవు కానీ చెమ్మ ఉంది. మాది పాత రాతికట్టడం, పై అంతస్తు. మొదట ఉత్తరపు గోడకు ఆనించి అరలు పెట్టించాను. ఈ నెలలో సాయంత్రం మూడున్నర దాటితే చీకటి కమ్ముకుంటుంది, ఆ గోడకు ఎండ అన్నదే తెలియదు. పోయిన శీతాకాలం ఒకనాడు ఒక పుస్తకం తీస్తే వెనక అట్ట మీద బూజు, నల్లగా, ఆవగింజలు చల్లినట్టు. పన్నెండు పుస్తకాలకు పట్టింది. పొడిగుడ్డతో తుడిచి, పేజీలు విచ్చుకునేలా నిలబెట్టి, హీటరుకు కాస్త దూరంగా వారం రోజులు ఆరబెట్టాను. ఒక్కటీ పోలేదు. ఇప్పుడు అరలన్నీ లోపలి గోడకు మార్చి, వెనక నాలుగు వేళ్ల సందు వదిలాం. తేమ లాగే యంత్రం రాత్రంతా గురగురమంటుంది. మొదట్లో పాప భయపడేది, ఇప్పుడు అది లేకపోతే నిద్రపోదు.

అరల్లో కాలక్రమంలో సర్దాను. శాతవాహనుల నుంచి మొదలుపెట్టి, కంపెనీవాళ్ల దాకా వచ్చి, చివరి అరను మన చీరాల-పేరాల పన్నుల పోరాటానికి ఇచ్చాను. ఆ అరలో ఉన్నవి ఆరు పుస్తకాలే. ఆ పోరాటం నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎమ్మే చదివింది ఈ ఊళ్లోనే. ఆ విశ్వవిద్యాలయం పాత భవనం ముందు నుంచే మా బస్సు వెళ్తుంది. ఆనంద కుమారస్వామితో కలిసి ఆయన అభినయదర్పణమనే సంస్కృత నాట్యగ్రంథాన్ని ఇంగ్లీషు చేశారు కదా, 1917లో. ఆ నాటి ప్రతి కొనే స్తోమత లేదు, తర్వాతి ముద్రణ కొన్నాను. ఇంటిపేరును వెనక్కి జరిపి, గోపాల క్రిష్ణయ్య దుగ్గిరాల అని వేశారు. నా బ్యాడ్జీ మీద కూడా నా పేరు అలాగే ఉంటుంది. ఆసుపత్రికి వెళ్తూ ఆయన ఇక్కడి చలికి ఏం కప్పుకునేవారో, ఏం తినేవారో అనుకుంటాను.

నాన్నగారూ, అసలు అడగాలనుకున్నది ఇది. ఆ ఆరు పుస్తకాలూ చదివాను. పురపాలక సంఘం పెట్టడం, నాలుగు వేల పన్ను నలభై వేలకు ఎక్కడం, 1921లో ఊరు ఊరంతా ఇళ్లు వదిలి, ఊరి బయట వేసుకున్న రామనగరం వెళ్లడం, పదకొండు నెలలు పాకల్లో ఉండడం, గోపాలకృష్ణయ్యగారి జైలు, అన్నీ ఉన్నాయి. మీ నాయనమ్మ మాత్రం లేదు. ఆమెకు అప్పుడు తొమ్మిదేళ్లని చెప్పేవారు. తాటాకు పాకలో మగ్గం గుంట తవ్వితే ఇసుక కూలి, రెండు మూరలకే నీళ్లు ఊరాయనీ, వాళ్ల నాన్న ఆ గుంట పక్కనే చతికిలపడి చాలాసేపు లేవలేదనీ మీరు చెప్పగా విన్నాను. తర్వాత ఏం చేశారు? ఆ నెలలన్నీ నేతే లేకుండా ఎలా బతికారు? తిరిగి వచ్చేసరికి ఇల్లు ఎలా ఉంది? చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నా ఇవి అడగాలని తోచలేదు. ఆ సంగతులు విన్నవాళ్లలో ఇప్పుడు మీరొక్కరే ఉన్నారు.

తమ్ముడితో రెండు వందల పేజీల గీతల పుస్తకం తెప్పిస్తున్నాను. రోజుకు అర పేజీ చాలు. వరసగా రాయనక్కరలేదు, జ్ఞాపకం వచ్చినది వచ్చినట్టు రాయండి. కన్ను ఆపరేషను అయ్యేవరకు మీరు చెబుతుంటే అమ్మ రాస్తుంది, ఆమె దస్తూరీ మీకంటే గుండ్రంగా ఉంటుంది. చివరి అరలో ఏడో పుస్తకానికి చోటు వదిలి, పక్కది ఒరగకుండా ఒక చెక్కముక్క నిలబెట్టాను.

తమ్ముడికి చెప్పండి, కొత్త ఇంట్లో నడిమి గదికి లోపలి గోడలోనే గూళ్లు కట్టించమని, వాకిలి వైపు వద్దని. చెక్క ఖర్చు నాది. పెట్టెలో ఇప్పుడే ఎండు వేపాకు, వసకొమ్ములు వేయించండి. కన్ను ఆపరేషను తేదీ ఖాయం కాగానే ఫోను చేయండి, సెలవు అడుగుతాను.

మీ అమ్మాయి,
సుజాత