సిటీ బస్సు తిరగడానికి చోటు చూపాలి

ఆర్యా,

తిరుచానూరు రోడ్డు వైపు మా కాలనీకి వచ్చే సిటీ బస్సు, చివరి స్టాపులో మళ్లడానికి చోటు లేక, రోజూ వీధి మొదట్లోనే వెనక్కి వస్తూ తిరుగుతోంది. కండక్టరు దిగి, విజిల్ వేస్తూ బస్సు వెనక రేకును అరచేత్తో చరుస్తుంటే, స్కూలు ఆటోలు ఆయన పక్క నుంచే దూరిపోతున్నాయి.

12 మీటర్ల బస్సు ఒకే విడతలో తిరగాలంటే దాదాపు 24 మీటర్ల వ్యాసమున్న ఖాళీ జాగా కావాలి. అందులోనూ వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలి దారిన వస్తాయి కనుక, మలుపు లోపల నిలబడిన వారికే ముప్పు ఎక్కువ. కలకత్తాలోనూ టొరంటోలోనూ ట్రాములకు ఒకవైపే డ్రైవరు గది ఉండటంతో, చివరి స్టాపుల దగ్గర పట్టాలనే చుట్టుగా వేసి బండిని మళ్లిస్తారు. బస్సుకు పట్టాలు అక్కర్లేదు గదా అని మన దగ్గర లేఅవుట్లలో ఆ చుట్టును గీయడమే మానేశారు కాబోలు.

కాలనీ చివర ఇళ్లు కూల్చిన మట్టి పోస్తున్న ఖాళీ స్థలం ఉంది. బ్రహ్మోత్సవాల రద్దీకి ముందే అధికారులు దాన్ని కొలిపించి, చదును చేయించి, బస్సులు ఒకే దిశలో తిరిగేలా దారి వేయాలని, సిబ్బందికి ఒక మరుగుదొడ్డి కూడా కట్టించాలని కోరుతున్నాను.

– ఒక ప్రయాణికుడు, తిరుపతి