నడుము సిరల గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో నడుము నొప్పిపై వచ్చే వ్యాసాలు డిస్కు, ఎముక, నరం దగ్గరే ఆగిపోతున్నాయి. నడుములోని సిరల ఊసే ఉండటం లేదు. వైద్య విద్యార్థులకు చాలాకాలం అనాటమీ బోధించినవాడిగా, ఈ లోటు వయసు మళ్లిన మగవారికి చేటు చేస్తుందేమోనని నా ఆందోళన.

నడుము కండరాల నుంచీ వెన్నుపూసల నుంచీ రక్తాన్ని తెచ్చే కటి సిరలు సాధారణంగా ఇరువైపులా నాలుగేసి ఉండి శరీరం కింది భాగపు రక్తాన్ని గుండెకు చేర్చే అధో బృహత్సిరలో కలుస్తాయి. ఆ పెద్ద సిర వెన్నెముకకు కాస్త కుడిగా ఉంటుంది కాబట్టి, ఎడమవైపువి గుండె నుంచి రక్తాన్ని తెచ్చే బృహద్ధమని వెనుకగా దాటి రావలసి ఉండి పొడవుగా ఉంటాయి. అసలు విశేషం వెన్నెముక లోపల ఉంది. వెన్నుపూసల వెనుక భాగం తొలగించి చూస్తే, వెన్నుపామును కప్పిన పొరకూ ఎముకకూ నడుమ, కొవ్వులో ఒదిగి, పలచటి గోడల సిరలు వల అల్లినట్టు కనిపిస్తాయి. కాళ్ల సిరల్లో రక్తం వెనక్కి జారకుండా ఆపే కవాటాలు వీటిలో దాదాపు ఉండవు. అందుకే దగ్గినా, ముక్కినా, పొట్టలో ఒత్తిడి పెరిగినప్పుడల్లా ఇక్కడి రక్తం ఎటైనా మళ్లగలదు. నిండు గర్భిణి వెల్లకిలా పడుకుని, గర్భాశయం బరువుకు అధో బృహత్సిర నలిగినప్పుడు, కాళ్ల రక్తం గుండెకు చేరడానికి ఈ సిరలే పక్కదారి అవుతాయి.

అదే దారిన కీడూ ప్రయాణించగలదు. 1940లో అమెరికా శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆస్కార్ బాట్సన్ మృతదేహాల్లో పురుషాంగం సిరలోకి ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని ఎక్కించి, అది పొత్తికడుపు అడుగు భాగం (పెల్విస్) నుంచి వెన్నెముక సిరల్లోకి పాకడం చూపించారు. ఆ భాగంలోనే, మగవారి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ నడుము ఎముకల్లో తరచుగా తేలడానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు గానీ, ముఖ్యమైన వివరణల్లో ఇదొకటి.

కనుక, అరవై దాటిన మగవారికి కొత్తగా మొదలై రాత్రి పడుకున్నా తగ్గని నడుము నొప్పి వచ్చి, దానికి మూత్రధార సన్నబడటమో, ఒళ్లు తగ్గడమో తోడైతే, బామ్ రాసుకుంటూ, బెల్టు కట్టుకుంటూ నెలలు గడపకుండా వైద్యుని చూడాలనీ, కాళ్లు పట్టు తప్పినా మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలనీ మీ పేజీలో స్పష్టంగా రాయించవలసిందిగా కోరుతున్నాను.

– విశ్రాంత అనాటమీ అధ్యాపకుడు, కాకినాడ