పేదల తరఫున మాట్లాడేవాళ్లకు ఒక మాట

సంపాదకుడు గారికి నమస్కారం.

సోమవారం వచ్చిందంటే శ్రీకాకుళం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి ఇచ్ఛాపురం నుంచి, మందస నుంచి, కొత్తూరు నుంచి తెల్లవారకుండానే బస్సెక్కి వచ్చే ముసలివాళ్లూ దివ్యాంగులూ ఎంతమందో. వాళ్లలో చాలామంది వెంట ఎవరో ఒకరు ఉంటారు, వార్డు మెంబరో, సంఘం లీడరో, చదువుకున్న మేనల్లుడో. ఈ ఉత్తరం ఆ వెంట వచ్చేవాళ్ల కోసం. వాళ్లు లేకపోతే సగం మందికి ఆఫీసు గడప కూడా దొరకదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ వాళ్ల తీరు వల్ల అవ్వాల్సిన పని చెడిపోవడం కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

2025లో దివ్యాంగుల పింఛన్లను మళ్లీ పరిశీలించి, వైకల్యం 40 శాతం కన్నా తక్కువని తేలినవాళ్లకు నోటీసులిచ్చారు కదా, మండల అభివృద్ధి అధికారికి (ఎంపీడీవో) అప్పీలు పెట్టుకోవచ్చన్నారు. మా పక్క ఊరి తాపీమేస్త్రి ఒకాయన, పరంజా మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నవాడు, అలా అప్పీలుకి వెళ్లాడు. తోడు వచ్చిన పెద్దమనిషి గదిలో అడుగు పెడుతూనే "రెండు కాళ్లూ పడిపోయాయి సార్, మంచం దిగడు" అనేశాడు. మేస్త్రేమో కర్ర పట్టుకుని ఆయన వెనకాలే నిలబడి ఉన్నాడు! సీట్లో ఉన్నాయన తలెత్తి మేస్త్రిని ఒకసారి కిందనుంచి పైదాకా చూశాడు, ఆ తర్వాత ఇక కాగితం మొహం చూడలేదు. ఆ మనిషి కష్టానికి అబద్ధం ఎందుకండీ? నడవగలడు, కానీ పావుగంట నిలబడలేడు, కింద కూర్చుంటే ఎవరో లేపాలి, ఇటుకల తట్ట ఎత్తలేడు. తాపీ పనివాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ నాలుగు ముక్కలూ ఆయన నోటితోనే చెప్పించి, ఆపరేషన్ కాగితాలూ ఎక్స్‌రేలూ ముందు పెట్టి ఉంటే కనీసం వినేవాళ్లు. బయటికొచ్చాక "నన్నేటి సెప్పమంతావమ్మా, ఆయనే సెప్పీసినాడు గదా" అన్నాడు మేస్త్రి.

అందుకే తోడు వెళ్లేవాళ్లు ముందు వాళ్ల ఇంటికెళ్లి ఒక పూట కూర్చోవాలి. ఏం జరిగింది, ఏ కాగితం ఉంది, ఏది వానకు తడిసిపోయింది, అసలు నీకేం కావాలి అని అడగాలి. ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. ఇల్లూ పొలం కొడుక్కి రాసిచ్చి పస్తులుంటున్న తల్లికి పింఛను ఇప్పిస్తే చాలనుకుంటాం, ఆమెకేమో తన ఇంట్లో తనకో గది కావాలి. ఇలాంటివి మన ఊళ్లలో పెద్దమనుషుల దగ్గరికి వెళ్తాయి, వాళ్లు సర్దుకుపొమ్మంటారు, ఆమె సర్దుకుపోతూనే ఉంటుంది. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం కింద నేరుగా ఆర్డీవో దగ్గరికి వెళ్లొచ్చు, లాయరు అక్కర్లేదు. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూడకపోతే ఆ రాసిచ్చిన దస్తావేజు రద్దు చెయ్యమని కూడా అడగొచ్చు. పెద్దవాళ్ల కోసం 14567 అనే ఫోన్ నంబరు ఉంది. కేసుకి లాయరు కావాలంటే ఆడవాళ్లకు, దివ్యాంగులకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, దాని నంబరు 15100. నాయకులమని తిరిగేవాళ్లలో ఈ రెండు నంబర్లూ ఎందరికి నోటికొచ్చు?

రసీదు సంగతి మరీ అన్యాయం. "చూస్తాంలే అమ్మా" అనగానే దండం పెట్టి వచ్చేస్తారు. అర్జీ నమోదు చేయించి, నంబరు తీసుకుని, ఆ చీటీని ఆ మనిషికే ఇవ్వాలి, మన జేబులో పెట్టుకోకూడదు. కొన్నాళ్లకు "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వస్తుంది, ఇంట్లో చూస్తే ఏమీ మారి ఉండదు. అక్కడితో వదిలెయ్యకుండా ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసి ఆ అర్జీని మళ్లీ తెరిపించాలి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు కింద, నా దరఖాస్తు ఏ సీటులో ఉంది, ఏం రాశారు అని అడగాలి, 30 రోజుల్లో జవాబివ్వాలని చట్టమే చెప్తోంది.

ఉద్దానం వాళ్లకు కాగితం విలువ నేను చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ రోగుల ఇళ్లకు వెళ్తే దూలానికి వేలాడే కవరులో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టులు ఏళ్లవారీగా కనిపిస్తాయి. రోగులూ వాళ్ల ఇంట్లోవాళ్లూ అక్కడి డాక్టర్లూ ఏళ్ల తరబడి అరిచి మొత్తుకున్నాకే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు. జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ మీదున్నవాళ్లకు నెలకు 10,000 పింఛను ఉంది, కానీ రిపోర్టులు వరసగా లేనివాళ్లు దానికీ తిరగాల్సి వస్తోంది. వాటిని తేదీల వారీగా సర్ది, జెరాక్సులు తీసి పెట్టే మనిషి ఊరికి ఒకరుంటే ఎంత మేలో!

ఇంకొకటి, ఫొటోలు. ఒక పిల్లకు వీల్‌చైర్ ఇప్పించి, పక్కన నిలబడి ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఆ పిల్ల రేపు కాలేజీకి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? అడిగితే తను వద్దనలేదంటారు. వద్దనే ధైర్యం ఆ సమయంలో ఎలా వస్తుందండీ, సాయం చేసిన చెయ్యి అక్కడే ఉంటే?

మా టెక్కలి చుట్టుపక్కలే రిటైరైన టీచర్లు, బ్యాంకు వాళ్లు, పోస్టాఫీసు వాళ్లు బోలెడంతమంది ఉన్నారు, దరఖాస్తు ఎలా రాయాలో వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. వారానికి ఒక పూట గ్రామ సచివాలయం అరుగు మీద కూర్చోమని మీ పత్రిక తరఫున అడగండి. అలాగే పైన చెప్పిన నంబర్లూ, అప్పీలు పద్ధతీ జిల్లా పేజీలో కత్తిరించి దాచుకునేలా ఒక పెట్టెలో వెయ్యండి. మా సంఘం ఆడవాళ్లం దాన్ని ప్రతి సచివాలయం గోడకీ అంటించే పని చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం సభ్యురాలు,
టెక్కలి మండలం, శ్రీకాకుళం జిల్లా