మైనస్ 40 చూపిస్తే చూడాల్సింది వైరు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ వైరింగ్ పరీక్షించకుండానే సామాన్లు మార్చి వసూలు చేసిన సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

మాది నల్లగొండ జిల్లా కనగల్ మండలం. బత్తాయి తోట మా ఆధారం. నాలుగేళ్ల కింద మీ కంపెనీ పెట్రోల్ కారు కొన్నాను. ఇప్పటిదాకా ఒక్క సర్వీసు కూడా బయట చేయించలేదు.

మే మొదటి వారంలో అమ్మకు కంటి పరీక్ష ఉండి హైదరాబాద్ బయలుదేరాం. చిట్యాల దాటగానే ఇంజన్ చెక్ లైటు వెలిగింది, ఏసీ ఆగిపోయింది. రేడియేటర్ ఫ్యాను మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది. బయట 43 డిగ్రీల ఎండ. అమ్మ కొంగు తడుపుకుని నెత్తిన వేసుకుని కూర్చుంది.

మీ అధీకృత వర్క్‌షాప్‌లో స్కానర్ పెడితే పీ0118 అని కోడ్ వచ్చింది. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ వేడి మైనస్ 40 డిగ్రీలని చూపింది. నా కళ్లతో చూశాను. మే నెల ఎండలో మైనస్ 40 ఏమిటని అడిగితే "సెన్సార్ పోయింది సార్, మారుస్తే అయిపోతుంది" అన్నారు. 2,960 రూపాయలు కట్టాను. పది రోజులు బాగానే నడిచింది. మళ్లీ అదే లైటు, అదే మైనస్ 40. ఈసారి థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే వాల్వు), కూలెంట్ మార్చి 6,680 బిల్లు వేశారు. తిరిగొస్తుంటే నార్కట్‌పల్లి దగ్గరే లైటు వెలిగింది. లీటరుకు 17 ఇచ్చే బండి 13కు దిగింది. మూడోసారి పోతే ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, మార్చాలంటూ 46,000 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు.

నేను చదివిన ఇంజినీరును కాను. కానీ బోరు నీళ్లు పోయకపోతే మా ఊళ్లో ఎవరూ ముందే మోటారు పైకి లాగరు. ఫ్యూజు చూస్తాం, స్టార్టర్ చూస్తాం, కేబుల్ చూస్తాం. అవన్నీ అయ్యాకే మోటారు జోలికి పోతాం.

అందుకే నల్లగొండలో బండ్ల వైరింగ్ చేసే ఒకతని దగ్గరికి పోయాను. స్కానర్ చూసి నవ్వాడు. "అన్నా, మైనస్ నలభై అంటే లైను కట్టయిందని బండే చెప్తుంది. సెన్సార్ కాడికెళ్లి ఈసీయూకు ఏం వస్తలేదు" అన్నాడు. సెన్సార్‌కు వైర్లు తగిలించే ప్లగ్గు, అంటే కప్లర్, ఊడదీసి, అందులోని రెండు పిన్నులను సన్న తీగతో కలిపాడు. వైరింగ్ బాగుంటే స్కానర్‌లో అంకె అమాంతం 130 దాకా ఎగబాకాలట. మైనస్ 40 కదల్లేదు. అంటే లోపం సెన్సార్‌లో కాదు, అక్కడి నుంచి ఈసీయూ దాకా ఎక్కడో ఉంది. తర్వాత మల్టీమీటర్ తీశాడు. సిగ్నల్ వైరుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 5 వోల్టులు వచ్చాయి, కాబట్టి ఈసీయూ పంపాల్సింది పంపుతోంది. అదే మీటరు రెండు పిన్నుల మధ్య పెడితే సున్నా. తెగింది గ్రౌండ్ వైరు.

ఆ వైరును వేళ్లతో నొక్కుకుంటూ పోయి, కప్లర్‌కు జానెడు దూరంలో, ఎయిర్ ఫిల్టర్ డబ్బా బ్రాకెట్ కింద ఆగాడు. పైన తొడుగు చెక్కుచెదరలేదు. బ్లేడుతో చీరితే లోపల రాగి పోగులు తెగి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వైరును పట్టుకోవాల్సిన క్లిప్పు పక్కనే ఖాళీగా ఉంది. ఆ డబ్బా విప్పి బిగించింది మీ వాళ్లు తప్ప ఇంకెవరూ కాదు. సెన్సార్ మార్చేటప్పుడు వైరు కదిలి పోగులు కాస్త తగిలినట్టున్నాయి, ఆ పది రోజుల ఆరోగ్యం దాని పుణ్యమే. ముక్క వేసి, టంకం పెట్టి, స్లీవ్ తొడిగాడు. మొత్తం 450 రూపాయలు. వేడి 88 దగ్గర నిలబడింది, ఏసీ వచ్చింది.

మీ వాళ్లు తీసేసిన పాత సెన్సార్‌ను నేను అడిగి తెచ్చుకున్నాను. దానికి మీటరు పెట్టి, పక్క హోటల్ నుంచి చాయ్ గిన్నెలో మరిగే నీళ్లు తెప్పించి ముంచాడు. బయట వెయ్యిన్నర ఓములు చూపింది, నీళ్లలో రెండొందలకు దిగింది. వేడికి ఓములు తగ్గడమే దాని పని, నిక్షేపంగా ఉంది!

మొదటిసారి తొందరపడ్డారనుకుందాం. కొత్త సెన్సార్ పెట్టాక కూడా మైనస్ 40 వచ్చినప్పుడైనా వైరు చూడొద్దా? థర్మోస్టాట్ చెడితే ఇంజన్ ఆలస్యంగా వేడెక్కుతుంది, లేదా మరీ వేడెక్కుతుంది. నీళ్లు గడ్డకట్టినట్టు అంకె రాదు.

బిల్లులు రెండూ కలిపి 9,640. కూలెంట్ ఎలాగూ మార్చే సమయమైంది, దాని 1,150 నేను అడగను. మిగిలిన 8,490, వైరు బాగుకు పెట్టిన 450 నాకు ఇప్పించండి. మూడుసార్లూ ఏయే పరీక్షలు చేశారో జాబ్ కార్డుల నకళ్లు కూడా పంపండి. ఆ ఈసీయూ ఎస్టిమేట్ ఏ పరీక్ష మీద వేశారో నాకు తెలియాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బిల్లులు, ఎస్టిమేట్, తెగిన వైరు ఫోటో జతచేశాను. వైరు ముక్క, పాత సెన్సార్ నా దగ్గరే ఉన్నాయి. మీ ఇంజినీరును పంపితే చూపిస్తాను, మీటరు మాత్రం వెంట తెచ్చుకోమనండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
కనగల్ మండలం, నల్లగొండ జిల్లా