మూడున్నర టన్నుల లోపు బండి తోలేవాడికి ఎండ కొట్టదా?

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను నెల్లూరు ఆటోనగర్‌లో సరుకు బండ్లకు బాడీలు కట్టే మేస్త్రిని. పని నేర్చుకుంది లారీల మీదే అయినా ఇప్పుడు షెడ్డుకొచ్చేవాటిలో ఎక్కువ భాగం చిన్న బండ్లే. టాటా ఏస్, ఇంట్రా, దోస్త్, బొలెరో పికప్, వీటితోనే మాకు నాలుగు మెతుకులు. నిరుద్యోగ కుర్రాళ్లు ఇలాంటి బండి కొనుక్కుని తమ కాళ్ల మీద నిలబడాలని పేపర్లలో తరచూ వస్తుంటుంది. మంచి మాటే. కాకపోతే ఆ రాతల్లో రుణం, రాయితీ, నెలవాయిదా ఉంటాయి గానీ ఆ బండిలో కూర్చుని తెల్లవార్లూ తోలే మనిషి ఎక్కడా కనపడడు.

లారీ క్యాబిన్లలో ఏసీ ఉండి తీరాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల సరుకు వాహనాలకు అది వర్తిస్తుంది. సరుకుతో కలిపి మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటితే ఎన్2, పన్నెండు టన్నులు దాటితే ఎన్3. మూడున్నర, ఆ లోపు ఉన్నవి ఎన్1. నా షెడ్డు ముందు వరసగా నిలబడే బండ్లు దాదాపు అన్నీ ఈ చివరి రకమే. ఆ నిబంధనలో వాటి ఊసే లేదు. చిన్న బండి ఊళ్లోనే తిరుగుతుంది, పావుగంటకోసారి దిగుతాడు, వాడికెందుకులే అనుకున్నారో ఏమో.

2005లో టాటా ఏస్ వచ్చిన కొత్తలో ఆ లెక్క సరిపోయేది. స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం మూటలు ఎత్తుకుని చుట్టుపక్కల అంగళ్లకు వేసి, పొద్దుగూకేలోపు ఇంటికి చేరేవి. ఇప్పుడు అట్లా లేదు. పొదలకూరు నిమ్మకాయలు చెన్నై కోయంబేడుకు, ఉలవపాడు మామిడి హైదరాబాద్‌కు, చీమకుర్తి గ్రానైట్ పలకలు బెంగళూరుకు, కోస్తా హేచరీల నుంచి రొయ్యపిల్ల భీమవరం దాకా ఈ చిన్న బండ్లే మోస్తున్నాయి. పెద్ద లారీకి నిండా లోడు దొరికేదాకా ఆగే ఓపిక వ్యాపారులకు లేదు. ఇవాళ సాయంత్రం ఎత్తితే రేపు పొద్దున్నే దిగాలి.

చిన్న బండి అన్నందుకు చట్టం కొన్ని వెసులుబాట్లు ఇచ్చింది, కాదనను. మొత్తం బరువు 3000 కిలోలు దాటకపోతే మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. 7500 కిలోల లోపు సరుకు బండికి కారు లైసెన్సే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అంటే నిన్నటిదాకా కారు తోలిన పిల్లోడు ఇవాళ లోడెత్తుకుని అద్దంకి మీదుగా నార్కట్‌పల్లి దారి పట్టవచ్చు. వాడు ఎన్ని గంటలు తోలుతున్నాడని అడిగేవాడు లేడు. 2025 నవంబరుదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలే పని అంది గానీ అది ఐదుగురికి తక్కువ కాకుండా పనివాళ్లున్న సంస్థలకు రాసిన మాట. సొంత బండికి తానే ఓనరు, తానే డ్రైవరు, తానే క్లీనరు అయినవాడికి ఆ ఎనిమిది గంటలు ఎవరివ్వాలి?

ఇక బండి ఎంచుకోవడం. అందుకోసం మా దగ్గరికి ముందుగా ఎవరూ రారు. షోరూములో డబ్బు కట్టి, గుళ్లో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆ తర్వాత బాడీకి వస్తారు. అప్పుడు నేను అడిగేది ఒక్కటే, "ఏం లోడు తోలతావు నాయనా?" నూటికి తొంభై మంది చెప్పేది "ఏదైనా అన్నా" అని. ఏదైనా అనే లోడు ఎక్కడా లేదు. బొరుగుల మూటలు బండి నిండా పేర్చి పైన గోపురం కట్టినా బరువుండదు, దానికి కావలసింది జాగా. గ్రానైట్ పలక ఇరవై మిల్లీమీటర్ల మందానిది చదరపు అడుగుకు ఐదు కిలోల పైనే తూగుతుంది. టన్నున్నర మోసే బండిలో మూడు వందల అడుగుల పలక ఎక్కకుండానే మోత అయిపోతుంది, పైనంతా ఖాళీ. బొరుగులవాడికి ఎత్తయిన కంటైనరు కావాలి. పలకలవాడికి పొట్టి గోడలు, గట్టి నేల, పలకలు నిలబెట్టి ఆనించడానికి ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారపు ఇనుప చట్రం కావాలి. ఇద్దరూ ఒకే బండి కొంటారు, ఒకే బాడీ అడుగుతారు.

మొన్న కావలి వైపు కుర్రాడొకడు తొమ్మిదడుగుల ట్రే ఉన్న బండి తెచ్చి దాని మీద మూసిన కంటైనరు కట్టమన్నాడు. ఐదున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. "కంపెనీవాళ్లు టన్నున్నర మోస్తదన్నారు, టన్నున్నర లోడు ఒప్పుకున్నా" అన్నాడు. సుద్దముక్కతో నేల మీదే లెక్క వేసి చూపించా. గోడలు, కప్పు, తలుపులు అన్నీ కలిపి 220 చదరపు అడుగుల పైచిలుకు రేకు. 1.2 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు తొమ్మిదిన్నర కిలోలు. ఒట్టి రేకే రెండు క్వింటాళ్లకు దగ్గర పడుతుంది. దాని లోపల చదరపు పైపుల చట్రం, అడుగున గళ్ల ప్లేటు, బందులు, గొళ్లేలు, రబ్బరు బీడింగు. మొత్తం మూడు క్వింటాళ్లు దాటుతుంది. కంపెనీ ట్రే విప్పేస్తే కొంత తిరిగొస్తుంది, అంతా రాదు. మిగిలిన తేడా వాడి టన్నున్నరలోంచే పోవాలి. కాటా మీద బండి చూసేది మొత్తం బరువే. అది సరుకుదా, బాడీదా అని కాటాకు తెలియదు. అధిక లోడుకు 194వ సెక్షను కింద 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. ఆ పైన ఎక్కువైన సరుకు అక్కడే దించాలి. రాత్రి పూట రోడ్డు పక్కన దించిన సరుకు పొద్దుటికి ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు.

అప్పుడు వాడు అందరూ అనేదే అన్నాడు. "అట్టయితే ఇంకో రెండు కమాను పట్టీలు ఏసెయ్ మేస్త్రీ."

కమాను పట్టీలంటే ఇరుసు మీద బండి బరువు మోసే ఉక్కు స్ప్రింగు పట్టీలు. ఈ పట్టీల జబ్బు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనూ ఉంది. పట్టీ వేస్తే బండి కుంగడం తగ్గుతుంది, అంతే. బ్రేకు పెరగదు, ఇరుసు పెరగదు, టైరు మోసే బరువు పెరగదు, ఆర్సీలో రాసిన అంకె అసలే పెరగదు. కుంగని బండిని చూసి ఓనరు ఇంకో నాలుగు బస్తాలు వేస్తాడు. కంపెనీ చేసి ఇచ్చిన తీరు మార్చకూడదని 52వ సెక్షను చెబుతోంది. ప్రమాదం జరిగితే బీమావాళ్లు ముందు వెతికేది ఇలాంటి మార్పులే. నేను వెయ్యను. నేను వెయ్యకపోతే పక్క వీధిలో వేస్తారు, ఆ సంగతీ తెలుసు. ముందు బంపరుకు తగిలించే ఇనుప గార్డు కూడా అంతే. 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

దూరం పోయే బండికి నేను పట్టుబట్టి చేసేవి కొన్ని ఉన్నాయి. వెనక రెండు రెక్కల తలుపుతో పాటు ఎడమ పక్కన ఇంకొక తలుపు పెడతాను, కుడివైపు నిలబడి సరుకు దించేవాడికి వీపు వెనకే బస్సులు పోతుంటాయి కాబట్టి. బెల్టులు బిగించే రింగులు రేకుకు కాకుండా నేల చట్రానికి బోల్టులతో వేస్తాను. రేకుకు అతికించిన రింగు మొదటి గట్టి బ్రేకుకే ఊడి చేతికొస్తుంది. ఛాసీ, అంటే బండి అడుగు చట్రం మీద వెల్డింగు పెట్టను, యూ బోల్టులతో కింద రబ్బరు వేసి బిగిస్తాను. బాడీకి వెల్డింగు చేసేటప్పుడు కూడా ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో ఇంజిన్‌ను నడిపించేది కంప్యూటరు, ఒక్క వెల్డింగు షాకుకు అది పోతే బాడీకైన ఖర్చు దాని ముందు దిగదుడుపు.

రొయ్యలు, చేపలు తోలేవాళ్లకు ఇంకొక మాట. ఐసు కరిగిన నీళ్లు, ఉప్పు నీళ్లు అడుగు సందుల్లోంచి ఛాసీ మీద, బ్రేకు పైపుల మీద కారుతుంటాయి. పైన రంగు నిగనిగలాడుతుంటుంది, కింద ఇనుము పొరలు పొరలుగా ఊడుతుంటుంది. నేలను వెనక్కి కొంచెం వాలుగా కట్టి, మూలన ఒక కన్నం పెట్టి, అక్కడి నుంచి పైపు వెనక చక్రం దాటించి నీళ్లు నేరుగా రోడ్డు మీద పడేలా చేయాలి. ఇంటికి రాగానే బండి అడుగున మంచినీళ్లు కొట్టాలి. దీనికయ్యే ఖర్చు, వెనక తలుపు మీద హీరో బొమ్మ వేయించడానికి అయ్యేదాంట్లో సగం కూడా ఉండదు. బొమ్మ మాత్రం ఎవరూ మానరు.

రాత్రి ప్రయాణానికి మెరిసే టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు వేయాలి. పట్టా అంచు వేలాడి వెనక లైటు మీద పడకుండా తాడు బిగించాలి. ఇది చాలా చిన్న విషయం. హైవే పక్కన ఆగి ఉన్న బండిని వెనక నుంచి లారీ గుద్దిన వార్తలు మీ పేపర్లోనే ఎన్నిసార్లు చదివామో.

ఆగి ఎందుకుంది అంటే, నిద్రకు. నేను ఈ ఉత్తరం రాసింది ముఖ్యంగా ఇందుకోసమే.

లారీలో డ్రైవరు వెనక పడక ఉంటుంది, మార్చుకోవడానికి రెండో మనిషి ఉంటాడు. చిన్న బండి క్యాబిన్ అడ్డం ఐదడుగులు, మనిషి ఐదున్నర అడుగులు. సీటు వెనక్కి వాలదు. చాలా బండ్లలో ఇంజిన్ సీటు కిందే ఉంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం లోడెత్తుకుని ఒంగోలు దాటేసరికి సీటు కింద నుంచి ఒక వేడి, రేకు కప్పు నుంచి ఒక వేడి, అద్దం దించితే వడగాలి. కిరాయి అయ్యాక కాళ్లు కిటికీలోంచి బయటపెట్టి పడుకుంటారు. రిపేరుకొచ్చిన బండ్లలో ఎడమ కిటికీ అంచున రబ్బరు అరిగిపోయి ఉంటే అది మడమల అరుగుదలని నాకు తెలిసిపోతుంది.

ఏసీ ఉన్న మోడళ్లను కొన్ని కంపెనీలు చిన్న బండ్లలోనూ ఇస్తున్నాయి. మన కుర్రాళ్లు ఆ మోడలు వద్దంటారు. నెలవాయిదా పెరుగుతుందని, డీజిల్ తాగుతుందని. వాళ్లను తప్పుపట్టలేను, లెక్క వాళ్లది. అందుకే నా వంతుగా కొన్ని చెబుతాను. కప్పుకు తెల్ల రంగు వేయించుకోండి. కప్పు లోపల, సీటు కింద వేడిని ఆపే షీటు పరిపించండి. చిన్న బ్యాటరీ ఫ్యాను రెండు పెట్టుకోండి. పక్క సీటుకు, డాష్‌బోర్డు డబ్బాకు మధ్య ఆనేలా మడత ప్లైవుడ్ పలక ఒకటి చేసిస్తాను, బండి ఆపినప్పుడు అది వేసుకుంటే ఏటవాలుగానైనా కాళ్లు చాపవచ్చు. కంటైనరు లోపల తలుపేసుకుని పడుకునే పని మాత్రం ఎవరూ చేయకండి, గాలాడక ప్రాణం మీదికి వస్తుంది.

పలక చేసిస్తాను సరే, వేసుకోవడానికి బండి ఎక్కడ ఆపాలి? పదహారో నంబరు హైవే మీద లారీలు ఆపుకోవడానికని రోడ్డు పక్కన కట్టిన లేబైలు చీకటి పడేసరికి పెద్ద బండ్లతో నిండిపోతాయి. "రెండు లారీల మధ్యన పెడితే తెల్లారి ఎవడో ఒకడు రివర్సులో నలిపేస్తాడన్నా, బయట పెడితే పోలీసులు లేపుతారు" అని ఒక డ్రైవరు చెప్పాడు. దాబా ముందు ఆపితే తినాలి. పెట్రోలు బంకులో ఆపితే డీజిల్ కొట్టించాలి. ఏదీ కాకపోతే రోడ్డు అంచునే.

ఒక బ్యాంకువాళ్ల సంగతీ చెప్పాలి. ముద్ర రుణానికి నేను బాడీ కొటేషన్ రాసిస్తే రేకు, పైపు, రంగు ఒప్పుకుని, ఫ్యాన్లు, వేడి ఆపే షీటు, సీటు మార్పు మాత్రం "ఇవి సోకులు" అని కొట్టేశారు. వెంకటాచలం టోలు నుంచి టంగుటూరు టోలు దాకా మే నెలలో ఒక్కసారి ఆ సోకులు లేకుండా కూర్చుంటే అర్థమవుతుంది.

నేను కోరేది ఎక్కువేం లేదు. ఏసీ నిబంధనను ఎన్1 సరుకు బండ్లకు కూడా తేవాలని మన ఎంపీలు ఢిల్లీలో అడగాలి. అన్నింటికీ ఒకేసారి కుదరదంటే టన్ను పైన మోసేవాటితో మొదలుపెట్టమనండి. హైవేవాళ్లు ప్రతి లేబైలో ఒక మూల చిన్న బండ్లకని గీత గీసి, ఒక లైటు, ఒక కుళాయి పెట్టాలి. బ్యాంకులు క్యాబిన్ పనిని కూడా బాడీ పనిలో కలిపి రుణం ఇవ్వాలి. రవాణా శాఖ అధికారులు ఏడాదికోసారి ఆటోనగర్‌కు వచ్చి ఏ మార్పు చేయవచ్చో, ఏది కూడదో బాడీ షెడ్లవాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాలి. ఇప్పుడు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజున బ్రేకు ఇన్‌స్పెక్టర్ కాదన్నాకే మాకు తెలుస్తోంది, ఆ కోసి తీసే ఖర్చు బండివాడి మీద పడుతోంది.

బండి కొనాలనుకునేవాళ్లు షోరూముకు పోయే ముందు ఏ బాడీ షెడ్డుకైనా పోయి, కట్టి ఉన్న బాడీల కాటా చీటీలు చూపించమని అడగండి. చూపించడానికి ఎవరూ డబ్బులు తీసుకోరు.

నా పేరు వేయవద్దని మనవి. పట్టీలు వెయ్యనన్నందుకు ఇప్పటికే కొన్ని బేరాలు పక్క వీధికి పోయాయి.

ఇట్లు,
ఒక బాడీ మేస్త్రి,
ఆటోనగర్, నెల్లూరు.