హంతకుడి పేరు ముందే చెప్పేసిన బైండింగు

ప్రచురణ సంస్థ మేనేజరు గారికి,

విషయం: మీ కొత్త డిటెక్టివ్ నవలలో పేజీలు తారుమారు కావడం, పుస్తకం మార్చి ఇవ్వమనడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

పాతకాలపు అపరాధ పరిశోధన నవలలకు నివాళి అని మీరు ప్రకటించిన నవలను మీ దగ్గరే ఆర్డరు పెట్టి రెండు కాపీలు తెప్పించుకున్నాను. ఒకటి నాకు, ఒకటి పాలకొల్లులో ఉండే మా పెద్దమామయ్యకు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ నవలలు చదువుతూ పెరిగిన మనిషి ఆయన. రెండు కాపీల్లోనూ 208వ పేజీ తర్వాత 225 ఉంది. 240 దాకా వెళ్లాక 209 మొదలై, 224 అయ్యాక 241 వస్తుంది. పదహారు పేజీల ఫారం, అంటే కలిపి మడిచి కుట్టే పేజీల కట్ట, ఒకటి బైండింగులో వెనక్కి పోయింది.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "పేజీలన్నీ ఉన్నాయి కదండీ, నంబర్లు చూసుకుని చదువుకోండి. పేజీలు తగ్గితేనే డ్యామేజీ కింద తీసుకుంటాం" అన్నారు. వంటల పుస్తకమైతే నేనూ సర్దుకునేదాన్ని. ఇక్కడ 208తో ఒక అధ్యాయం అయిపోతుంది. దాని ఎదురుగానే ఉన్న 225 మొదటి వాక్యంలోనే హంతకుడి పేరుంది. చూశాక మర్చిపోవడం ఎవరి వల్లా కాదు.

ఈ రకం నవలకు ప్రాణమే ఆ వరస. డిటెక్టివుకు దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపించాలని ఇంగ్లీషు డిటెక్టివ్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో రాసిన పది నియమాల్లో ఉంది. అదే ఏడాది మొదలైన ఎలరీ క్వీన్ నవలల్లో, గుట్టు విప్పే ముందు కథ ఆపి, ఇక మీరే చెప్పండని పాఠకుడికి సవాలు విసిరేవారు. మీ రచయిత 224వ పేజీలో అలాంటి సవాలే పెట్టారు. నా కాపీలో అది జవాబు తర్వాత వచ్చింది.

రచయిత మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ పాత పద్ధతిని మా గోదావరి లంకలోకి ఎంత బాగా తెచ్చారో! వరదకు పడవలు ఆగిపోయాయి, లంకలో ఒక పెంకుటిల్లు, లోపల ఏడుగురు. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులకు రెండో ప్రమాద హెచ్చరిక, 17.75కి మూడోది అని మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ రెండింటి మధ్య ఎవరు ఎక్కడున్నారన్నదే కథ. 214వ పేజీలో, వరద తీశాక కడిగి బోర్లించానని ఒకరు చెప్పిన ఇత్తడి బిందె లోపల ఒండ్రు కనిపిస్తుంది. కడిగిన బిందెలో ఒండ్రు ఎలా ఉంటుంది? ఆ ప్రశ్న నాకు నేనుగా తట్టి ఉండాల్సింది. ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికే దోషి ఎవరో తెలిసిపోయింది కాబట్టి, అంత చక్కటి ఆధారం ఉత్త బిందెగా మిగిలింది.

అద్దె పుస్తకాల షాపు రోజుల్లో ఎవరో ఒకరు మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్నుతో రాసిపెట్టేవారట. అది కంటపడితే మామయ్య ఆ నవల చదవకుండానే తిరిగిచ్చేసేవారు. అందుకే ఆయన కాపీ ఇంకా ఇవ్వలేదు. ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉన్నారు.

రెండు కాపీలూ మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని, సరిగా కుట్టినవి పంపండి. రాజమండ్రి, భీమవరం షాపులకు వెళ్లే కట్టలు విప్పి ఈ ఫారం చూడండి. ఇప్పటికే కొన్నవాళ్లకు 208 దగ్గర ఆగమని మెసేజ్ పెట్టండి, అది అన్నిటికన్నా ముందు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. పేజీల ఫొటోలు, బిల్లు జతచేశాను.

కొత్త కాపీ నేరుగా మామయ్య ఇంటికే పంపేటట్లయితే, ఏం తప్పు జరిగిందో వివరిస్తూ అందులో చీటీ ఏదీ పెట్టకండి. ఆ వివరాలు నాకే రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అమలాపురం